బావ రెండో దెబ్బ

మార్చి 3, మంగళవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. కోపాన్ని డైరీలో పెడితే చల్లారదు, ఏడాది పొడవునా అక్కడే కూర్చుని మనల్ని గుడ్లురిమి చూస్తుంది. అయినా రాస్తున్నాను. ఈ ఇంట్లో నా మాటకు అడ్డురానిది ఈ నోటుబుక్కొక్కటే.

సంగతేమిటంటే, మా ఆవిడ అన్నకు, అంటే మా డ్రమ్ముల బావకు, వచ్చే సోమవారం కుడి మణికట్టుకు ఆపరేషన్. ఆ తర్వాత ఆ చేత్తో కర్ర పట్టొద్దన్నాడట డాక్టర్. ఇరవై రెండేళ్లు ఒక హోటల్ డైనింగ్ హాల్లో స్తంభం వెనక నేను గిటార్, ఆయన డ్రమ్స్. ఒక్క రికార్డింగ్ లేదు. ఒక్కటీ! జనం నమలడం ఆపి విన్న రోజులూ లేవు, అది వేరే కథ.

బావ రెండో దెబ్బ ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యం. మొదట్లో దానికోసం తగువులాడుకున్నాం. తర్వాత నా చెయ్యి దానికోసం ఆగడం నేర్చుకుంది. సోమవారంలోగా ఆ ఆలస్యం ఒక్కటి రికార్డింగ్‌లో దొరికితే చాలు నాకు.

మార్చి 5, గురువారం

స్టోర్‌రూమ్ గోడలకు పరుపులు నిలబెట్టాను, కిటికీకి దుప్పట్లు కట్టాను. సౌండు వచ్చేది గిటార్ కన్నంలోంచే కదా అని ఒక మైకును కన్నానికే ఆనించాను, ఇంకోటి డ్రమ్ములకు. తీరా వింటే గిటార్ పీపాలో పడి మూలుగుతోంది. డ్రమ్ములు అట్టపెట్టెలు. నీ గిటార్‌కి పడిశం పట్టిందా బావా అన్నాడు డ్రమ్ముల వెనక నుంచి మా బావ.

అల్లుడుగారు వచ్చి గుమ్మంలోంచే చూశారు. ఎందుకు మావయ్యా ఈ పరుపుల గోల, నా లాప్‌టాప్‌లో డ్రమ్స్ ఉన్నాయి, అసలు డ్రమ్స్ కన్నా అసలుగా ఉంటాయి అన్నారు. బావ ఎదుటే! కుర్చీలో మనిషి ఉండగా ఆయన ఒళ్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టినట్టు.

మార్చి 6

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

మార్చి 7, శనివారం

మా ఆవిడ నాకు సౌండు పాఠం చెప్పింది. వంటింట్లోకి బాగానే వినిపిస్తోందండీ, ఆ పరుపుల మధ్య మీరే చంపుతున్నారు, మైకు తెచ్చి నేను నిలబడే చోట పెట్టండి అంది. ముప్పై వీడియోలు చూసినవాణ్ణి, నాకా చెప్పడం అని గంటసేపు అలిగాను. తర్వాత పరుపులు పీకేసి, డ్రమ్ములు హాల్లోకి లాగి, ఒక్కటే మైకు, వంటింటి గుమ్మంలో, ఆవిడ తల ఎత్తున పెట్టాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. తీగ తీగలా ఉంది, చెక్క చెక్కలా ఉంది. కర్ర తగిలిన చప్పుడు, దాని వెనకే మా హాలు. రెండో దెబ్బ ఆలస్యం, నేను ఆగడం, అన్నీ ఉన్నాయి. బావ రెండుసార్లు విన్నాడు. మూడోసారి వద్దంటూ లేచి, మణికట్టు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు.

ఒక్కటే పీడ. వంటింటి కుళాయి. పాట పొడవునా టప్పు టప్పు. ఆవిడ మీద అరిచాను. వాషర్ మార్చమని మూడు నెలలుగా మొత్తుకుంటున్నది ఎవరండీ అంది. ఆ విషయం ఇక్కడ అనవసరం.

మార్చి 8

కుళాయి చప్పుడొక్కటి తీసేసి ఇవ్వండి అని, రికార్డర్లోంచి మెమరీ కార్డు తీసి అల్లుడుగారి చేతిలో పెట్టాను.

మార్చి 9

ఆపరేషన్ బాగానే జరిగిందట.

మార్చి 12, గురువారం

అల్లుడుగారు పాట పంపారు. నాకే కాదు, చుట్టాలందరికీ. కుళాయి లేదు. బావా లేడు! డ్రమ్ములూ గిటారూ విడదీసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందట. బావ దెబ్బలు పీకేసి, ఎవడో ఏ స్టూడియోలోనో కొట్టినవి స్కేలు పెట్టి గీసినట్టు పేర్చారు. నా గిటార్‌ని కూడా వాటి పక్కన వరసలో నిలబెట్టారు. ఎక్కడా ఆగదు. నా వేళ్లను నేనే గుర్తుపట్టలేదు.

ఫోన్ చేసి అరిచాను. బీట్ అక్కడక్కడా లేటైంది మావయ్యా, పెదమావయ్యకి చెయ్యి నొప్పి కదా పాపం, అందరిలో పరువు పోకూడదని సరిచేశాను అన్నారు. పాపమట! ఇరవై రెండేళ్లు నేను ఆగి అందుకున్నదాన్ని ఈయన రోగం కింద కట్టారు.

మరి అసలుదేదీ అంటే, దాని మీదే కొత్తది సేవ్ చేశారట. కార్డు కూడా ఖాళీ చేసి ఉంచాను, మీకు పనికొస్తుంది అన్నారు, మేలు చేసినట్టు.

ఎవరిని తిట్టను? కుళాయి తీసేయమన్నది నేను. నా బుద్ధి గడ్డి తింది.

చుట్టాలందరూ ఫోన్లో చప్పట్లు కొడుతున్నారు. ఇంత బాగా వాయిస్తారని తెలీదు బాబాయ్ అని రాసింది ఒకమ్మాయి. వాయించలేదమ్మా.

మార్చి 15, ఆదివారం

రెండు రోజులుగా మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఇవాళ పొద్దున మాత్రం, అన్నయ్యకి ఆ పాట వినిపించకండి అంది.

మధ్యాహ్నం తెలిసింది. ఆయన అప్పటికే విన్నాడట. చాలా శుభ్రంగా ఉంది, ఎవరు కొట్టారు అని అడిగాడట.

మార్చి 29, ఆదివారం, సాయంత్రం నాలుగు

బావ వచ్చాడు, కుడిచేతికి కట్టుతో. ఎవరూ పిలవలేదు. డ్రమ్ములు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఎడమచేత్తో ఒక్క కర్ర తీసుకుని కూర్చున్నాడు. మా ఆవిడ మైకు తెచ్చి తను నిలబడే చోట పెట్టింది. నేను గిటార్ అందుకుని, రెండో దెబ్బ దగ్గర ఆగాను. ఆలస్యంగా వచ్చింది. కుళాయి కారుతోంది.