మైనం కింద నానమ్మ రాత

తాతయ్యా,

పొయ్యి మీద చిన్న గిన్నెలో ఉన్నది సూప్ కాదు, నీ తేనెపట్ల మైనం. తాగేవు జాగ్రత్త. ఇస్త్రీ పెట్టె ముట్టుకోకు, దానికీ మైనం అంటింది. గొర్రె మాంసం కూర ఓవెన్‌లో ఉంది.

ఇక అసలు సంగతి. నానమ్మ పెళ్ళికి ముందు ఆపిల్ పెట్టెలకు లేబుళ్లు అంటించిన షెడ్డులో దొరికిన పాత లేబుళ్లతో బొమ్మ చేస్తున్నాను కదా. పొద్దున చివరి లేబుల్‌ను చెక్క పలక మీద పెట్టి కరిగిన మైనం పూశాను. నూనె పడ్డ కాగితంలా అయిపోయి, వెనకవైపు పెన్సిల్ రాత పైకి తేలింది! అక్షరాలు తిరగబడి ఉంటే, నువ్వు గడ్డం గీసుకునే అద్దంలో చదివాను. నానమ్మ రాతే.

“క్లారీ ఇవాళ మళ్ళీ జిగురు అడగడానికి వచ్చాడు. ట్రాక్టరు తోలేవాడికి జిగురెందుకో! రేపూ వస్తే డాన్సుకు వస్తావా అని నేనే అడిగేస్తాను.”

“మెర్ల్ ఆ సీజనంతా నా వంక చూడనే లేదు” అని నానమ్మ గురించి వందసార్లు చెప్పావు. చూసింది, క్లారీ తాతయ్యా!

బొమ్మను ఊరి హాలుకు తీసుకెళుతున్నాను. నా మొదటి ప్రదర్శన. బొమ్మ ఇవ్వడానికి మూడింటి వరకే గడువు. అద్దం లేకుండా ఎవరూ చదవలేరు గానీ, బెరిల్ అత్త సంచిలో అద్దం ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అది మీ ఇద్దరి మాట. వద్దనిపిస్తే మూడింటిలోపు హాలుకు ఫోన్ చెయ్యి, వెనక్కి తెచ్చేస్తాను. మూతి ముడుచుకోను. కొంచెమే ముడుచుకుంటాను.

బ్రోనీ

ఇంకొకటి. నువ్వు ఫోన్ చేయకపోతే, బొమ్మ పక్కన పెట్టే కార్డు మీద నా పేరుకన్నా ముందు నానమ్మ పేరు రాయిస్తాను.