జులైలో కలవని పెదవి

10 అక్టోబర్ 1995
పండ్ల ఈగ పిండం మీద పనిచేసినవాళ్ళకు నోబెల్. ల్యాబ్‌లో అందరికీ మైసూర్‌పాక్ పంచినాను. ఈగకు తల ఏడ రావాలో చెప్పే జీన్‌లకు చుట్టాలు కోడిలో ఉండాయి, మనలోనూ ఉండాయి. నా పని కోడి పిండం ముఖం. గుడ్డు పెంకు కొంచెం కోసి, ముఖం రెండు పక్కల నుంచి వచ్చి కలిసేది చూస్తాను. ఏళ్ళుగా చూస్తున్నా ఒళ్ళు జలదరిస్తుంది.

24 అక్టోబర్
పొద్దున గ్రహణం. చెల్లెలు ఇంద్రజకు ఐదో నెల. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో అత్తగారింట్లో ఉంది. మిద్దె మీద బట్టలు తీయను పోతే అత్త పంకజమ్మ అరిచిందని ఫోన్‌లో చెప్పి నవ్వింది. నేనూ నవ్వినాను.

2 మార్చి 1996
ఆడపిల్ల. పైపెదవి చీలి ఉంది.

3 మార్చి
మూడు నెలలకు ఆపరేషన్ చేస్తే సరిపోతుంది అన్నాడు డాక్టర్. ఎవరూ వినలేదు. గ్రహణమొర్రి అన్న ఒక్క మాటే వార్డంతా తిరిగింది. ఇంద్రజ భర్త వెంకట్రామ్ కిటికీ దగ్గరే నిలబడినాడు. పిల్లను తాకలేదు.

పంకజమ్మకు బొమ్మ గీసి చూపినాను. పెదవి కలిసేది రెండో నెలలోనే, జులైలోనే అయిపోయింది, గ్రహణం అక్టోబర్‌లో కదమ్మా అన్నాను. ఆమె శ్రద్ధగానే చూసింది. సరి, మరి ఎందుకు కలవలేదు అన్నది.

తెలీదు. పదేళ్ళ పని తర్వాత నా దగ్గరుండే జవాబు అదే. కొంత జీన్, కొంత ఇంకేదో అని నసిగినాను.

జీన్ అంటే రక్తమా అన్నది. ఎవరి రక్తం అన్నది.

8 మార్చి
ఇవాళ ఒక్క గుడ్డు కూడా తెరవలేదు.

11 మార్చి
ఇంద్రజ నన్ను ఒక్కడినే గదిలోకి పిలిచింది. ఉగ్గుగిన్నెతో పాలు పోస్తా ఉంది. కొన్ని పక్కకు కారిపోతా ఉండాయి. నా బొమ్మ చూసినప్పటి నుంచి మా వంశంలో ఎవరికి మొర్రి ఉందని ఆరా తీస్తా ఉండారంట. వెంకట్రామ్‌కు ఇంక నాతో పిల్లలు వద్దంట అన్నది. అన్నా, గ్రహణమైతే ఒక్క పూట తప్పు, పరిహారంతో పోతుంది, నీ జీన్ దేంతో పోతుంది అన్నది. గ్రహణమే అని చెప్పు, నువ్వు చెప్తే నమ్ముతారు అన్నది.

అది అబద్ధం కదమ్మా అన్నాను.

నాకు తెలుసు అన్నది.

17 మార్చి
నా వల్ల కాదు.

24 మార్చి
వాళ్ళింట్లో శాంతి హోమం. మేనమామనని పిల్లను నా ఒడిలో పెట్టినారు. చదువుకున్నోడివి, నువ్వే చెప్పు నాయనా అన్నది పంకజమ్మ, అందరి ముందు.

గ్రహణమే అన్నాను.

వెంకట్రామ్ వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. పుట్టినాక ఇదే మొదటిసారి.