బొంతకు ఎదుటి మూల

మచిలీపట్నంలో పెడన రోడ్డు పక్క వీధిలో సొంత ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు వెంకట్రామయ్య గారి భార్య, రిజిస్ట్రేషన్ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన చావలి సీతారత్నం అనే నేను, డెబ్బై నాలుగో ఏట, నా చేత్తో రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది.

నాకు మతి స్థిమితంగా ఉంది. కుడి చెవి సరిగా వినపడదు, మోకాళ్లు వంగవు. ఈ రెండింటికీ వీలునామాతో సంబంధం లేదు. ఇలా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. బతిమాలేటంత తరచుగా ఈ ఇంటికి ఎవరూ రావడమూ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇతరుల వీలునామాలకు నకళ్లు రాశాను. తగువులు పొలాల దగ్గర కంటే ఇత్తడి బిందెల దగ్గర ఎక్కువ వస్తాయని అక్కడే తెలుసుకున్నాను. అందుకే పెద్ద ఆస్తుల గురించి తక్కువ, చిన్న వస్తువుల గురించి ఎక్కువ రాస్తున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మనవరాలు సుప్రజది. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. నా కుమారుడు శ్రీహర్ష ఉండగా అతని కూతురికి ఎందుకు అప్పగించానని అడిగేవారికి జవాబు: సుప్రజ కాగితం చివరిదాకా చదివాకే సంతకం పెడుతుంది.

2. గుడివాడ దగ్గర నా పేరనున్న ఎకరం మాగాణి, నా బ్యాంకు డిపాజిట్లు సర్వహక్కులతో శ్రీహర్షకు. దీనిపై నేను చెప్పేది ఏమీ లేదు.

3. నా నాలుగు బంగారు గాజులు కోడలు వాణికి. వాణి కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఇచ్చిన బొంతను కారు డిక్కీలో పరిచింది. అప్పుడు ఏమీ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. డిక్కీలో పరచడానికి గోనెసంచులు దొరుకుతాయి. బొంత అంటే పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, వేళ్లు నొప్పి పుట్టేదాకా దగ్గర దగ్గరగా కుట్టేది. అందులో నా తల్లి చీర ఉంది. గాజులు మాత్రం నాలుగూ వాణికే, తగ్గించలేదు. మెడలోని గొలుసు సుప్రజకు.

4. ఇల్లు శ్రీహర్షకు. హద్దులు: తూర్పున గిరిధర్ గారి ప్రహరీ, దక్షిణాన మురుగు కాలవ, పడమర ఖాళీ స్థలం, ఉత్తరాన మున్సిపల్ రోడ్డు. రోడ్డు వైపున్న వరండాకు మాత్రం షరతు ఉంది.

ఆ వరండాకు షట్టరు బిగించి సెల్‌ఫోన్ల కొట్టుకు అద్దెకు ఇస్తే ఎంత వస్తుందో శ్రీహర్ష నాకు చాలాసార్లు వివరించాడు. అతని లెక్కలో తప్పు లేదు. ఆ వరండా ఎందుకు పనికొస్తుందో అతనికి తెలియదు, కనుక రాస్తున్నాను.

నేను నాలుగు చోట్ల బొంతలు కుట్టాను. మొదటిది గుడివాడలో మా అమ్మ ఇంటి పెరటి వసారా. రెండోది కోడూరు అవతల తుఫాను షెల్టరు మేడ. నేను ఉద్యోగంలో చేరింది ఉప్పెన మరుసటి ఏడాది, అవనిగడ్డలో. కొన్నేళ్లకు ఆ షెల్టరు కట్టారు. ఉప్పెనలో పోగా మిగిలిన ఆడవాళ్లు ఆదివారాలు దాని మేడ మీద చేరి బొంతలు కుట్టేవారు. కింద ఇళ్లున్నాయి, నీడ ఉంది, అయినా నేల మీద అంతసేపు కుదురుగా కూర్చోవడానికి వాళ్లకు మనసొప్పేది కాదు. నేను బస్సెక్కి వెళ్లేదాన్ని. మొదటి రోజు ఒక ముసలామె నా చేతి వంక చూసి, "అమ్మగారూ, కలం పట్టినట్టు పడితే సూది నడవదండీ, అది మీ గుమాస్తా కాదు" అన్నది. అందరూ నవ్వారు. వాళ్లు అలా నవ్వడం చూసి నేనూ నవ్వాను. ఎవరికి ఎవరు పోయారో అక్కడ ఎవరూ చెప్పుకునేవారు కాదు. ఏ గుడ్డ ఎవరిదో మాత్రం చెప్పుకునేవారు.

మూడోది గిలకలదిండిలో వలలు బాగుచేసే షెడ్డు. దాని సంగతి ఆరో నిబంధనలో ఉంది. నాలుగోది ఈ వరండా. ఉత్తరపు వెలుతురు కనుక సూది మీద నీడ పడదు. గచ్చు నునుపు, పొరల అడుగున ఇసుక చేరదు. మనిషికో మూలగా నలుగురు కూర్చుంటే మధ్యలో పెద్ద బొంత పూర్తిగా పరుచుకుంటుంది. ఇలాంటి చోటు కట్టిస్తే రాదు, కుదరాలి.

బొంత కుట్టుకోవడానికి ఒక్క మనిషి వస్తున్నంత కాలం ఈ వరండాకు షట్టరు వేయకూడదు. వరసగా ఒక ఏడాది ఎవరూ రాకపోతే వేసుకోవచ్చు. వచ్చారో లేదో తేల్చేది సుప్రజ, శ్రీహర్ష కాదు. ప్రస్తుతం అక్కడ కూర్చుంటున్నది నేనొక్కదాన్నే.

5. నా తమ్ముడు రాధాకృష్ణమూర్తి అమ్మ పోయిన ఏడాదే గుడివాడ ఇల్లు అమ్మేశాడు. హక్కు అతనిది, అమ్మడం తప్పనను. పెరటి వసారా కొలతైనా తీసుకుంటాను, వారం ఆగమంటే ఆగలేదు. పైగా ఈ వరండాలో గురువారాలు బొంతకు చేరే మా కూటానికి "చింపిగుడ్డల సంఘం" అని పేరు పెట్టి పెళ్లిళ్లలో పదిమందికీ చెప్పి నవ్వించాడు. అతనికి చలి ఎక్కువ. కనుక బీరువా కింది అరలో ఉన్న ఆకుపచ్చ అంచు బొంత అతనికి. మెత్తనిది. సంఘం వారు కుట్టినదని సుప్రజ అతనికి గుర్తు చేయాలి.

6. గిలకలదిండిలో ఉన్న మత్తయికి, అతని భార్య సలోమి చీరలతో నేను కుట్టిన బొంత. సలోమి వలల షెడ్డులో పని ముగించుకుని ఒక పక్క బొంత పరిచేది. వేసవిలో ఆ గాలికి నేనూ, ఏడో నిబంధనలో రాసిన కోటేశ్వరమ్మా అక్కడికే వెళ్లేవాళ్లం. చేపల వాసన గుడ్డల్లోకి ఎక్కుతోందని నేను విసుక్కుంటే సలోమి, "మంచిదేగదండీ, మా బొంత కప్పుకుంటే పిల్లి కూడా వచ్చి పక్కలో పడుకుంటది, మీకు తోడుంటది" అనేది. సలోమి పోయి రెండేళ్లు. మత్తయి ఆమె చీరలు సంచిలో తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఇయ్యి ఎవరికియ్యాలో నాకు తెలవలేదమ్మగారూ" అని వెళ్లిపోయాడు. ఆ చీరలను ఉతకకుండానే కుట్టాను. నా జీవితంలో ఉతకని గుడ్డ కుట్టింది ఆ ఒక్కసారే. మత్తయి దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని షరతు పెట్టను. అతనికి తెలుసు.

అది నేను ఒంటరిగా కుట్టిన బొంత కనుక దానిలోని లోపం ముందే చెబుతున్నాను. బొంతకు ఇద్దరు ఉండాలి. ఒకరు ఈ మూల నుంచి, ఒకరు ఎదుటి మూల నుంచి కుట్టుకుంటూ మధ్యకు రావాలి. ఇటు లాగిన గుడ్డను అటు చెయ్యి ఆపుతుంది. ఒక్కరే కుట్టుకుపోతే పైపొర ప్రతి కుట్టుకూ కొంచెం కొంచెం ముందుకు జరిగి, అదంతా పోయి పోయి ఎదుటి మూలలో ఉబ్బుగా నిలుస్తుంది. ఎంత దువ్వినా పోదు. మత్తయి బొంతకు ఆ ఉబ్బు ఉంది. అటువైపు కాళ్ల దగ్గర వేసుకోవాలి.

7. పెడనలో ఉంటున్న కోటేశ్వరమ్మకు ఏమి ఇవ్వాలన్నది రాయడానికి నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

కోటేశ్వరమ్మ నాకు బంధువు కాదు. నేత నేసే పాండురంగయ్య గారి భార్య. ఈ వరండాలో నా ఎదుటి మూల ఆమెది. నేను కుట్లు వంకర పోయాయని విప్పిస్తుంటే, "కుట్టు కుట్టుకీ స్టాంపు వేస్తారేమిటండీ రత్నంగారూ" అనేది. అని, విప్పేది. పొద్దస్తమానం కూర్చున్నా మేము మాట్లాడుకునేది తక్కువ. అయినా బొంత మధ్యకు వచ్చేసరికి ఇద్దరి సూదులూ ఒకేసారి చేరేవి.

నాలుగేళ్ల క్రితం పాండురంగయ్య గారు పోయారు. కర్మలు అయ్యాక ఆమె ఒక గుడ్డ తెచ్చింది. మగ్గం మీద ఆయన సగంలో వదిలిన చీర. అంచు ఉంది, కొంగు నేయలేదు. మగ్గం మీద నుంచి కోసి, నేరుగా తెచ్చి, బొంత మధ్య పొరలో వేద్దామన్నది. నేను కుదరదన్నాను. కొత్త గుడ్డ, గంజి కూడా వదలని గుడ్డ, బొంతలో వేయకూడదు. మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న కుట్లన్నిటినీ లాగేసి, బొంతను ముద్ద చేస్తుంది. ఈ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె గుడ్డను గచ్చు మీద పెట్టి లేచి వెళ్లింది. మళ్లీ రాలేదు. సలోమి చేత గుడ్డ పంపిస్తే తిప్పి పంపింది. "అక్కడే పడుండనీ, ఆవిడ రూలు కింద" అన్నదట.

రూలు రూలే. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. గుడ్డకు కావలసింది ఉతుకు. అప్పటి నుంచి ఆ గుడ్డను నా దిండు మీద పరుచుకుని, వారం వారం నా చేత్తో ఉతికి నీడలో ఆరేస్తున్నాను. ఇప్పుడది బొంతకు పనికివస్తుంది. దాన్ని మధ్య పొరగా పెట్టి, పైన కింద నా పాత చీరలు వేసి, కదలకుండా టాకాలు వేసి, నా మూల నుంచి సగం వరకు కుట్టి ఆపాను. ఎదుటి మూల ముట్టుకోలేదు.

ఆ బొంత కోటేశ్వరమ్మకు. ఆమె వద్దంటే దాన్ని అలాగే ఉంచాలి. ఎవరూ ఒంటిచేత్తో పూర్తిచేయకూడదు. ఈ నిబంధనను పెడన వెళ్లి ఆమెకు చదివి వినిపించమని సుప్రజను పంపుతున్నాను. నేను బతికుండగానే వినిపించడం పద్ధతి కాదు. తెలుసు.

8. నా సూదులు, బొంతదారం ఉండలు, వేలికి తొడిగే రెండు అంగుస్తానాలు, పెద్ద కత్తెర వరండా గూట్లోనే ఉండాలి. వచ్చినవారు వాడుకుంటారు. ఎవరూ రాకపోతే తుప్పు పడతాయి. దానికి ఏర్పాటు లేదు.

9. ఈ నిబంధన సంతకాల రోజున చేర్చినది.

సుప్రజ పెడన వెళ్లి ఏడో నిబంధన చదివింది. కోటేశ్వరమ్మ అంతా విని, "ఆవిడిచ్చేదేమిటమ్మా, నేను పుచ్చుకునేదేమిటి? సాక్షి సంతకం కావాలంటే వచ్చి పెడతాను" అన్నదట. వీలునామాలో ఏదైనా పొందేవారి చేత సాక్షి సంతకం పెట్టించకపోవడం నేను ఆఫీసులో చివరిదాకా పాటించిన నియమం. బొంతో, సంతకమో, ఏదో ఒకటే. ఆమె సంతకం ఎంచుకున్నది.

ఈ రోజు పొద్దున్న వచ్చింది. బాగా సన్నబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వరండాలో పరిచి ఉన్న బొంత దగ్గర నిలబడి, గోడ పట్టుకుని మెల్లగా కింద చతికిలబడి, కుట్టని మూల ఎత్తి, పొరల మధ్యకు చెయ్యి పోనిచ్చింది. ఆ చెయ్యి చాలాసేపు లోపలే ఉంది. తర్వాత, "గంజి బిరుసు ఇంకా పోలేదండీ రత్నంగారూ. ఇంకో నాలుగు ఉతుకులు పడాలి. అప్పటిదాకా ఇది బొంతలో వేయకూడదు, మీ రూలే గదండీ" అన్నది.

నాలుగేళ్లు ఉతికిన గుడ్డలో గంజి ఉండదు. నాకు తెలుసు. నేత ఇంటి మనిషికి నాకంటే బాగా తెలుసు. నేను వాదించలేదు. ఆమె సంతకం పెట్టి, మంచినీళ్లు తాగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. మళ్లీ వస్తానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆమె వెళ్లాక టాకాలు విప్పి, నేను కుట్టిన సగమూ విప్పి, గుడ్డను బయటికి తీశాను. కనుక ఏడో నిబంధనలో "ఆ బొంత కోటేశ్వరమ్మకు" అన్న మాటను కొట్టివేస్తున్నాను. ప్రస్తుతం బొంత లేదు. గుడ్డ నాది కాదు, నాది కానిదాన్ని వీలునామాలో రాసే హక్కు నాకు లేదు. అది ఆమె సొత్తు, ఆమె ఇక్కడ ఉంచి వెళ్లింది. నాలుగు ఉతుకులు పూర్తికాకముందే నేను పోతే, మిగిలినవి సుప్రజ తన చేత్తో ఉతకాలి, మిషన్లో వేయకూడదు. తర్వాత దాన్ని పెడన తీసుకువెళ్లి ఆమె చేతికిచ్చి, చాలునా అని అడగాలి. చాలదంటే వెనక్కి తెచ్చి మళ్లీ ఉతకాలి.

గుడ్డ ఇప్పుడే నానబెట్టాను.

మచిలీపట్నం, 2025 ఫిబ్రవరి 13, గురువారం.

(సంతకం) చావలి సీతారత్నం
రాసినది: నేనే

సాక్షులు:
1. గిరిధర్, తూర్పు పక్క ఇల్లు, మచిలీపట్నం
2. కోటేశ్వరమ్మ, భర్త కీ.శే. పాండురంగయ్య, పెడన