రోలుది కానిది ఒక్కటి

డాక్టరమ్మ రుదైనా గారికి సలాం.

మీరు నా ఛాతీకి అంటించిన పట్టీని కృత్రిమ మేధ చదివి, గుండె ఆరుసార్లు లయ తప్పిందని చెప్పింది. మీ ఎదుట సిగ్గుపడి ఒక మాట దాచాను. పట్టీ ఉన్నన్నాళ్లూ చేతులకు పని చెప్పొద్దని మీరన్నా, అతిథులు వచ్చారని నేను కాఫీ గింజలు దంచాను. మా కొయ్యరోటి దరువు వినే ఇరుగుపొరుగు కాఫీకి వస్తారు. ఆ దరువును మధ్యమధ్య కావాలనే విరిచి కొడతాం.

మీరిచ్చిన కాగితంలో లయ తప్పిన వేళలు చూశాను. ఐదు నేను దంచిన వేళలే; ఆ విరుపు దెబ్బల కుదుపునే పట్టీ గుండె లయనుకుంది. ఆరోది శుక్రవారం మధ్యాహ్నం. అప్పుడు గోడకానుకుని ఊరికే కూర్చున్నాను.

"అదీ రోటి మీదకే తోసెయ్, మందుల బాధ వదులుతుంది," అంది మా ఆవిడ ఫిద్దా.

"అబద్ధం రాయమంటావా?"

"దంచిన సంగతి డాక్టరమ్మకు చెప్పకుండా మూడు రోజులు దాచినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా, ముసలోడా!"

అందుకే రాస్తున్నాను. ఐదూ కొట్టేయండి, ఆరోది ఉంచండి. అది నా గుండెదే. ఆదివారం వస్తాను, పట్టీ మళ్లీ అంటించండి, మందిస్తే మింగుతాను. ఈసారి రోకలి ఫిద్దా చేతికిచ్చాను. దరువు మారిందని ఊరంతా నవ్వినా నేను మాత్రం లేవను.

మీ మాట ఒకసారి తప్పిన
ముసలివాడు