మేము కూర్చునే పడవ

1878 ఆగస్టు 5
మళ్ళీ ఎక్కనివ్వలేదు. పొద్దున్నుంచి పెన్న రేవులో నిలబడ్డాం, నేనూ పిల్లలిద్దరూ. అందరూ దాటినాక పుట్టి పడవ ఖాళీగా వెనక్కి వచ్చింది. అప్పుడైనా...? "మీరెక్కితే రేపు ఇంకెవురూ ఎక్కరమ్మా. నా పొట్ట కొట్టొద్దు" అన్నాడు రేవు కోటయ్య. ఆ పుట్టి అడుగు తోలు కుట్టింది మా మామే! మామ కుట్టిన తోలు మీద వాళ్ళు కూర్చోవచ్చు. మామ కోడలు కూర్చుంటే మైల. ఒళ్ళు మండిపోతోంది. అవతల ఒడ్డున అమ్మ మంచం పట్టి ఉంది. ఎండాకాలమైతే ఇసకలో నడిచి పోయేదాన్ని.

ఆగస్టు 6
మన పడవ మనమే కొనుక్కుందాం అని మా ఆయనతో అన్నాను. ఆయన వెంటనే ఊఁ అన్నాడు. అనుమానం వచ్చింది.

ఆగస్టు 8
అనుమానం నిజమే. ఆయన మనసులో ఉన్న పడవ వేరు. తాటిదోనె చౌక, కానీ ఇద్దరికి మించితే బోర్లా పడుతుంది. పిల్లల్ని ఏ ఒడ్డున వదలాలి? పుట్టి అయితే మామ వారంలో కట్టేస్తాడు. వెదురుంది, కరువులో పోయిన గొడ్ల తోళ్ళు చుట్టి పెట్టి ఉన్నాయి. ఇంటిల్లిపాదీ సరిపోతాం. ఆయన వినడే! "తోలు ముట్టనని బాప్తిస్మం నాడే అనుకున్నా. మళ్ళా ఆ కంపులో కూచోమంటావా?" తెరచాప పడవే కావాలట. నెల్లూరులో ఎవరో దొర షికారు పోతుంటే చూశాడు. బడి పంతులు గదా, పెద్ద పెద్ద ఆశలు. నేనడిగింది షికారుకా?

ఆగస్టు 11, ఆదివారం
ప్రార్థనలో మనసు నిలవలేదు. కోటయ్య మీద కోపం తీసెయ్యమని దేవుణ్ణి అడగబోయి... అడగలేదు.

ఆగస్టు 19
నా వెండి కడియాలు అమ్మి, సముద్రం ఒడ్డున చేపలు పట్టే పట్టపోళ్ళ దగ్గరికి బయలుదేరాడు. ఆ డబ్బుకు పాత పడవే వస్తుంది. "అడుగు చూడు, చాప కాదు" — మూడుసార్లు చెప్పాను.

ఆగస్టు 27
చాప చూసి తెచ్చాడు. చాప బాగానే ఉంది, ఒప్పుకుంటాను. ఎర్రటిది, చిరుగు లేదు. పడవ అడుగున మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు, కిందికి జానెడు పొడుచుకొచ్చిన వెన్నుకొయ్య. బండి మీద నుంచి దించకముందే మామ చుట్టూ తిరిగి చూశాడు. "సముద్రంలో లోతుంటాది, సరిపోద్ది. మన ఏట్లో అంతా ఇసక మేటలురా. ఈ కొయ్య దిగబడిందంటే నడేట్లో నిలబడి చాప ఆరేసుకోవాల." ఆయన చాప మడతలు సర్దుతున్నాడు. నేను మాట్లాడాను. ఏమన్నానో ఇక్కడ రాయను.

ఆగస్టు 28
ఏట్లో దించాం. పది బారలు పోకుండానే దిగబడింది. రేవంతా నవ్వు. అందరికంటే పెద్దగా కోటయ్య.

ఆగస్టు 30
వడ్రంగి వచ్చి వెన్నుకొయ్య కోసేశాడు. ఇప్పుడు పలకల సందుల్లో నీళ్ళు. మామ నెమ్మదిగా అన్నాడు, "రెండు తోళ్ళు కలిపి కుట్టి అడుగున కప్పితే చుక్క దిగదు." ఆయన వద్దన్నాడు. "అయితే నువ్వు ఒడ్డునే ఉండు. నీ పరువు తేలేదాకా మా అమ్మ బతికుండదు" అన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత మాట అనలేదు. అన్నందుకు బాధ లేదు.

ఆగస్టు 31
అటునుంచి కబురు. అమ్మ గంజి కూడా మింగడం లేదట.

సెప్టెంబరు 2
మామ ఆరె సూది పట్టి తోలు కుడుతున్నాడు. సాయంత్రం నీళ్ళిద్దామని పోతే ఎదురుగా కూర్చుని తోలు తాడు లాగుతున్నది ఆయనే. మొహం గంటు పెట్టుకుని. నా కోపం పూర్తిగా పోలేదు. కానీ అన్నం వేడిగా వండిపెట్టాను.

సెప్టెంబరు 4
మామా ఆయనా పడవ పరీక్షకు అవతలి ఒడ్డు తాకి వచ్చారు. పడమటి గాలికి చాప పొంగింది. వెన్నుకొయ్య లేదు గదా, పక్కకు కొట్టుకుపోతోంది. తెడ్డుతో కాసుకోవాలి, అంతే. నీటిచుక్క దిగలేదు. పిల్లల ముందు ఏడ్చాను. రేపు అందరం.

సెప్టెంబరు 5
పడవలో కూర్చునే రాస్తున్నాను. ఏరు పెరిగింది. తెల్లవారుజామున కోటయ్య పుట్టి రాయికి తగిలి చీలిపోయింది. ఇప్పుడు ఒడ్డున పెద్దింటి రెడ్డిగారు, వెనక కోటయ్య. రెడ్డిగారి కోడలికి పురిటి నొప్పులు. మంత్రసాని అవతలుంది — మా పిన్నే. "పడవ ఇయ్యండి" అంటున్నారు రెడ్డిగారు. " మీరు దిగండి, మా మనుషులు పోయి పిల్చుకొస్తారు. కావాలంటే పడవ కడిగించుకుంటాం." కడిగించుకుంటారట! "చోటుంది, మీ మనిషిని ఎక్కమనండి, అందరం కలిసే పోదాం" అన్నాను. "మీతోనా?" మా పిన్ని చేతుల్లో వాళ్ళ బిడ్డ పడొచ్చు. నా పక్కన వాళ్ళ మనిషి కూర్చోకూడదు. "దిగమ్మా, ప్రాణం సంగతి" అంటాడు కోటయ్య. మా అమ్మది ప్రాణం కాదా?

వాళ్ళు గట్టు మీదికి పోయి మాట్లాడుకుంటున్నారు. పెద్దింటి లోపలెక్కడో ఆ కోడలు పిల్ల అరుస్తూ ఉంటుంది... పదహారేళ్ళుంటాయేమో. ఆమె నన్నేమీ అనలేదు.

దిగను. అది తేలిపోయింది. అవతలికి పోయి నేనే పిన్నిని పిలవగలను. పిలిస్తే, ఆమెను తీసుకుని పడవ వెంటనే తిరిగి రావాలి. చాప పట్టేది ఆయన, తెడ్డు వేసేది మామ. అమ్మ దగ్గర పిల్లలతో నేనొక్కదాన్నే మిగులుతాను. పిలుస్తానా? తెలియడం లేదు. నా మీద నాకే మండుతోంది.

తాడు విప్పమంటావా అని ఆయన అడుగుతున్నాడు.