చేదు తినే తండ్రిగారు

రాబిగ్, సౌదీ, గురువారం రాత్రి

మా చైనా మేనేజరు ఈ ఉదయం సైట్లో అందరినీ నిలబెట్టి నాయకత్వం మీద ఉపన్యాసం దంచాడు. నాయకుడు తండ్రి లాంటివాడట, పనివాళ్లతో కలిసి చేదు తింటాడట. కష్టాలు పడటాన్ని చైనావాళ్లు అలా అంటారు. దుబాసీని కాబట్టి అదంతా మనవాళ్లకు నేను తెలుగులో చెప్పాను.

"చేదంటే కాకరకాయ కూరనా మేడమ్? ఏసీ కార్ల కూసొనే తింటడా?" అన్నాడు జగిత్యాల నర్సయ్య. అందరూ నవ్వారు. ఏమంటున్నాడని మేనేజరు అడిగితే, మీకు కృతజ్ఞతలు చెబుతున్నాడన్నాను. ఆ మహానుభావుడు మురిసిపోయాడు.

మధ్యాహ్నం నన్ను గదికి పిలిచి తనే టీ పోశాడు. ప్రభుత్వం పని నిషేధించిన ఎండవేళ పని చేయిస్తున్నామని ఎవరో కార్మిక శాఖకు ఫిర్యాదు చేశారట.

"మనదంతా ఒకే కుటుంబం. ఆ మనిషెవరో తెలిస్తే ఫైనల్ ఎగ్జిట్ వేసి, మళ్లీ రాకుండా ఇండియాకు పంపేస్తాను. పొద్దున కృతజ్ఞతలు చెప్పాడే, నమ్మకస్తుడు, అతన్ని అడగండి."

తండ్రట, తండ్రి! ఒక బిడ్డ మీద ఇంకో బిడ్డను నిఘా పెట్టే తండ్రి. ఆ టీ అక్కడే వదిలేసి వచ్చాను.

ఫిర్యాదు చేసింది నర్సయ్యే. అరబ్బీలో రాసిపెట్టింది నేను.

సాయంత్రం బస్సు దగ్గర సంగతి చెబితే నర్సయ్య పగలబడి నవ్వాడు. "నా పేరే చెప్పుండ్రి మేడమ్. ఇంకొకని మీద పడుడు కన్న నేను పోవుడే మంచిది."

"నీకు దండం పెడతా నర్సన్నా, ఎవరికీ ఏమీ చెప్పకు" అని బతిమాలాను.

బతిమాలింది ఆయన ఉద్యోగం పోతుందనా, నాది పోతుందనా? మేనేజరును తిట్టుకున్నంత తేలిగ్గా దీనికి జవాబు రావడం లేదు...