యాభై అయిదు నిమిషాల దూరం

అమ్మాయీ,

పాలు కాచి మూత పెట్టాను. మేడ మీది బట్టలు లోపల వేశాను, ఇంకా తడిగానే ఉన్నాయి. అన్నం ముగ్గురికీ వండు.

మీ ఆయన ఎక్కిన విమానం క్షేమంగా దిగింది. నువ్వు పరీక్షల డ్యూటీలో ఉన్నావని ఫోన్ చేయలేదు. ఉన్నది మూడు వందల పది కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాల ప్రయాణం. వానకు దిగే వీల్లేక ఇంకో గంటంబావు ఊరి మీదే తిరిగిందట. అంతసేపూ నేను గడియారం ముందు నుంచి లేవలేదు. ఇప్పుడే ఫోన్ చేశాడు. "దిగాను నాన్నా. నువ్వు తిన్నావా?" అన్నాడు.

మీ అత్తయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాడు మూడో రోజుకు వచ్చాడు. అప్పటికి ఆమె లేదు. యాభై అయిదు నిమిషాల దూరానికి మూడు రోజులా అని నాలుగేళ్ళుగా దెప్పుతూనే ఉన్నాను. ఇక ఆ మాట ఎత్తను. అలాగని క్షమించానని వాడితో చెప్పకు.

వాడిని తీసుకురావడానికి ఆటోలో వెళ్తున్నాను.

మేకుకు ఉండే మీ అత్తయ్య గొడుగు కనబడకపోతే వెతక్కు. వాడి కోసం పట్టుకెళ్తున్నాను.